స్టూడియో హార్డ్ డిస్కులు అమ్మేముందు పూర్తిగా చెరపడం ఎలా? ఫార్మాట్ కొట్టినా ఫొటోలు తిరిగొచ్చాయి

ఫొటోశేషు (తెనాలి) · సోమవారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. తెనాలిలో 22 ఏళ్ళుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఈ నెలాఖరుకి షాపు ఖాళీ చేసి మా అబ్బాయి దగ్గరికి విశాఖపట్నం వెళ్ళిపోతున్నాం. రెండు కంప్యూటర్లు, ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు సెకండ్ హ్యాండ్‌కి అడిగారు, బేరం కూడా కుదిరింది.

శనివారం రాత్రి కూర్చుని ఫోల్డర్లన్నీ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, ఒక డిస్కుకి ఫార్మాట్ కూడా కొట్టాను. ఇక దిగుల్లేదనుకున్నాను. ఆదివారం మా మేనల్లుడు వచ్చి, ఉచితంగా దొరికే ఒక రికవరీ ప్రోగ్రాంతో ఆ ఫార్మాట్ కొట్టిన డిస్కునే చూశాడు. గంట గడవకముందే ఫొటోలు వరసగా పైకి తేలడం మొదలైంది. 2015లో చేసిన ఒక పెళ్ళి. పెళ్ళికూతుర్ని గదిలో ముస్తాబు చేస్తున్నప్పుడు తీసినవి, వాళ్ళమ్మగారు వద్దంటే ఆల్బంలో పెట్టకుండా పక్కన పెట్టినవి. వాటి తర్వాత పాస్‌పోర్ట్ ఫొటోలకి వచ్చినవాళ్ళ ఆధార్ స్కాన్లు, ఓటరు కార్డులు. నాకు చేతులు చల్లబడ్డాయి.

అవి నా సొత్తు కాదు. నన్ను నమ్మి నా కెమెరా ముందు నిలబడ్డవాళ్ళవి.

నా దగ్గరున్నవి: ఒక టీబీ డిస్కులు రెండు, ఎడిటింగ్ కంప్యూటర్లో 256 జీబీ ఎస్ఎస్‌డీ (చిప్పుల డిస్కు) ఒకటి, 2 టీబీ ఎక్స్‌టర్నల్ ఒకటి, టక్ టక్‌మంటూ ఇప్పుడు కంప్యూటర్‌కి కనబడని పాత 500 జీబీ డిస్కు ఒకటి. ఎవ్వరూ ఎప్పటికీ తిరిగి తీయలేనట్టు వీటిని చెరపాలంటే ఏం చేయాలి? నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. దయచేసి అర్థమయ్యేలా చెప్పండి.

---

రికవరీరమణ (సికింద్రాబాద్) · సోమవారం, ఉదయం 9:48

శేషన్నా, నేను చేసే పనే డేటా రికవరీ. పోయిందనుకున్న ఫైళ్ళు తీసిచ్చి బతుకుతున్న. అందుకే మీ మేనల్లుడు చూపించింది నాకు వింత అనిపియ్యలే.

అడంగల్‌ల పేరు కొట్టేస్తే పొలంల పైరు మాయమైతదా? కాదు కద. డిలీట్ కొట్టుడు కూడా గట్లనే. ఏ ఫైలు డిస్కు మీద ఎక్కడెక్కడ ఉన్నదో విండోస్ ఒక పట్టిక రాసి పెట్టుకుంటది. డిలీట్ చేస్తే ఆ పట్టికల 'ఈ జాగా ఖాళీ' అని గుర్తు పెడ్తది, అంతే. ఫొటో ఉన్న జాగను ముట్టుకోదు. క్విక్ ఫార్మాట్ కొడితే ఆ పట్టికనే కొత్తగ రాస్తది. ఫొటోలు మాత్రం ఉన్నకాడనే ఉంటయి. వాటి మీద ఇంకో ఫైలు వచ్చి పడేదాకా ఎన్నేండ్లయినా గట్లనే ఉంటయి.

పట్టిక మొత్తం పోయినా మాకు ఇబ్బంది లేదు. ప్రతి జేపెగ్ ఫొటో ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లతోనే మొదలైతది. డిస్కు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆ మూడింటిని వెతుక్కుంట పోతే ఫొటోలు దొరుకుతయి. పేర్లు పోతయి, మొఖాలు పోవు.

ఇంకోటి అడుగుత. మీరు కొట్టింది క్విక్ ఫార్మాటేనా? 'క్విక్ ఫార్మాట్' అనే గడిల టిక్ ఉండెనా?

---

ఫొటోశేషు · సోమవారం, ఉదయం 10:05

టిక్ ఉందండీ. దాన్ని నేను ముట్టుకోలేదు. అర నిమిషంలో అయిపోయింది.

---

రికవరీరమణ · సోమవారం, ఉదయం 10:11

సమజైంది. ఆ టిక్ తీసేసి కొడితే గంటలకొద్దీ పడ్తది. విస్టా నుంచి ఇటు వచ్చిన విండోస్‌లన్నీ అట్ల కొట్టినప్పుడు డిస్కు నిండా సున్నాలు రాస్తయి. ఎక్స్‌పీల మాత్రం పూర్తి ఫార్మాట్ కూడా చెడిపోయిన జాగలు చూసుకుంట పోయేదే గాని, ఏదీ చెరిపేది కాదు. ఆ కాలం మనుషులు 'ఫార్మాట్ కొడితే ఏదీ పోదు' అంటే ఇందుకే.

---

సైబర్‌సింహం · సోమవారం, ఉదయం 11:30

సున్నాలు ఒక్కసారి రాస్తే చాలదు. ప్రయోగశాలల్లో మైక్రోస్కోపు పెట్టి కింద ఉన్న పాత గుర్తులు చదివేస్తారు. గుట్‌మన్ పద్ధతిలో 35 సార్లు రాయాలి. తక్కువలో తక్కువ అమెరికా రక్షణ శాఖ చెప్పిన మూడు సార్లు.

---

లినక్స్‌లలిత (బెంగళూరు) · సోమవారం, మధ్యాహ్నం 12:15

సింహం గారూ, మీ శ్రద్ధను కాదనను. కానీ శేషు గారికి నెలాఖరు గడువుంది, లెక్క వేసి చూద్దాం. ఒక టీబీ డిస్కు మీద ఒక్కసారి రాయడానికి సుమారు రెండున్నర గంటలు. 35 సార్లంటే మూడున్నర రోజులు దాటుతుంది. ఒక్క డిస్కుకే.

ఆ 35 ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడాలి. పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పరిశోధన పత్రం అది. అప్పటి డిస్కుల్లో బిట్లను అయస్కాంతపు గుర్తులుగా మార్చే పద్ధతులు రకరకాలుగా ఉండేవి. మీ డిస్కు ఏ రకమో తెలియకపోతే అన్ని రకాలకీ సరిపోయేలా 27 నమూనాలు, వాటికి ముందు నాలుగు, వెనక నాలుగు సార్లు యాదృచ్ఛిక అంకెలు. అలా 35 అయింది. ఏ ఒక్క డిస్కుకీ ఆ 35 మొత్తం అక్కర్లేదని, జనం దాన్ని మంత్రంలా పట్టుకున్నారని గుట్‌మన్ స్వయంగా తర్వాత రాశారు.

2008లో క్రెయిగ్ రైట్, మరికొందరు మైక్రోస్కోపు మాట నిజమో కాదో పరీక్షించారు. ఒక్కసారి తిరగరాసిన ఆధునిక డిస్కు నుంచి పనికొచ్చే సమాచారమేదీ బయటికి రాలేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన 800-88 మార్గదర్శకాలు కూడా మామూలు హార్డ్ డిస్కుకి ఒక్క దఫా సున్నాలు చాలనే చెప్పాయి.

నా మాటేమిటంటే, ఒక్కసారి రాయండి, కానీ మొత్తం రాయండి, రాశాక చూసుకోండి. చాలామంది ఆ చూసుకోవడం దగ్గరే వదిలేస్తారు.

---

సైబర్‌సింహం · సోమవారం, మధ్యాహ్నం 12:40

గుట్‌మన్ గారే అలా అన్నారని నాకు తెలియదు. సరే, మామూలు డిస్కుకి ఒక్కసారి చాలని ఒప్పుకుంటాను. ఎస్ఎస్‌డీకి మాత్రం ఒప్పుకోను.

---

లినక్స్‌లలిత · సోమవారం, మధ్యాహ్నం 12:52

ఎస్ఎస్‌డీ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. సాయంత్రం ఆఫీసు అయ్యాక దాని గురించి విడిగా రాస్తాను. శేషు గారూ, అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి.

---

పాతసరుకు_బెజవాడ · సోమవారం, మధ్యాహ్నం 2:20

నేను పాత కంప్యూటర్లు కొని అమ్ముతుంటాను. మా వైపు నుంచి ఒక మాట చెబుతాను.

మాకు వచ్చే వాటిలో సగానికి పైగా డిస్కులు నిండుగానే వస్తాయండీ. లెక్చరర్ల ప్రశ్నపత్రాలు, ల్యాబుల రిపోర్టులు, ఇంట్లో పిల్లల ఫొటోలు. నేనైతే చూడకుండా సున్నాలు కొట్టించే పంపుతాను, కానీ ఈ వ్యాపారంలో అందరూ అంత ఓపిక పడతారని హామీ ఇవ్వలేను. రోజుకి పది సిస్టములు కొనేవాడు ఒక్కోదానికి మూడు గంటలు కేటాయించాలంటే కష్టం.

శేషు గారూ, డిస్కు తీసేసి మిగతా పెట్టె అమ్మండి. పదేళ్ళనాటి ఒక టీబీ డిస్కుకి మేమిచ్చేది కొన్ని వందలే. అంత తక్కువ డబ్బుకి అన్ని పెళ్ళిళ్ళ ఫొటోలు పణంగా పెట్టొద్దు. బేరం కుదిరినాయనకి 'డిస్కులు లేకుండా ఇస్తాను, ఆ మేరకు తగ్గించుకోండి' అనండి, ఒప్పుకుంటాడు.

---

ఫొటోశేషు · సోమవారం, మధ్యాహ్నం 3:02

ఇప్పుడే ఫోన్ చేశానండీ. 1,200 తగ్గిస్తానన్నాడు, సరేనన్నాను. అయితే డిస్కులు నా దగ్గరే ఉంటాయి కదా, వాటినైనా చెరపాల్సిందే. రేపు నేను లేకపోతే ఎవరి చేతిలో పడతాయో.

---

బీటెక్_మూడో_ఏడు · సోమవారం, సాయంత్రం 4:45

అంకుల్, వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ దించుకోనక్కర్లేదు, విండోస్‌లోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'డిస్క్‌పార్ట్' అని కొట్టండి. తర్వాత 'లిస్ట్ డిస్క్' అంటే డిస్కులన్నీ నంబర్లతో వస్తాయి. చెరపాల్సినదాన్ని 'సెలెక్ట్ డిస్క్', పక్కన దాని నంబరు వేసి ఎంచుకోండి. ఆఖర్న 'క్లీన్ ఆల్'. ఉత్త 'క్లీన్' అంటే విభాగాల పట్టిక ఒక్కటే పోతుంది. 'ఆల్' చేరిస్తేనే ప్రతి సెక్టారులోనూ సున్నా రాస్తుంది.

---

రికవరీరమణ · సోమవారం, సాయంత్రం 5:10

తమ్ముడు చెప్పింది కరెక్టే. దానికి తోడు ఒక జాగ్రత్త చెప్తున్న, దండం పెట్టి చెప్తున్న. డిస్క్‌పార్ట్ 'నిజంగనేనా?' అని అడగదు. నంబరు తప్పు పడ్డదంటే తప్పు డిస్కు పోతది, మళ్ళ నా అసోంటోడు కూడ తీసియ్యలేడు. పోయిన ఏడాది ఒకాయన పాత డిస్కు అనుకుని పాప పుట్టినప్పటి నుంచి దాచిన వీడియోల డిస్కుకు క్లీన్ ఆల్ కొట్టిండు. నా ముందు కూసోని ఏడ్సిండు. నేనేం చెయ్యలేకపోయిన.

అందుకే చెరపాల్సిన డిస్కు ఒక్కటే తగిలించున్రి. మిగిలినయన్ని, పెన్‌డ్రైవులతోని సహా, వైర్లు పీకి వేరే గదిల పెట్టున్రి. నంబరు ఒక్కటే చూసుకునుడు కాదు, సైజు కూడ చూసుకోవాలె. మీ టీబీ డిస్కులు రెండూ ఒకటే సైజు కాబట్టి రెండూ ఒకేసారి అసలే తగిలియ్యకున్రి.

---

పద్దులశర్మ (గుంటూరు) · సోమవారం, సాయంత్రం 6:30

శేషు గారూ, చెరిపే తొందరలో ఒకటి మరచిపోతున్నారు. మీ బిల్లులు, లెక్కలు కూడా ఆ కంప్యూటర్లలోనే ఉన్నాయా? జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల దాకా పద్దులు దాచి ఉంచాలని చట్టం. షాపు మూసేసినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. ముందు వాటిని వేరే పెన్‌డ్రైవులోకి, వీలైతే రెండింటిలోకి తీసుకోండి. తెరిచి చూసి అన్నీ ఉన్నాయనుకున్నాకే మిగతాది.

ఇది చదివేవాళ్ళందరికీ ఇంకో మాట. ఏదైనా కోర్టు కేసు గానీ పోలీసు నోటీసు గానీ ఉన్నప్పుడు దానికి సంబంధించిన డిస్కు చెరపడం నేరం. ఎలక్ట్రానిక్ రికార్డు అయినా సాక్ష్యం సాక్ష్యమే. అలాంటిదుంటే ముందు వకీలుని అడగండి.

మీ దగ్గరున్న ఆధార్ కాపీలు మాత్రం ఉంచుకోవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశమే అది. ఏ పని కోసం తీసుకున్నారో ఆ పని తీరాక చెరిపేయాలి. భద్రత పాటించక జనం సమాచారం బయటపడితే 250 కోట్ల దాకా జరిమానా అని ఆ చట్టంలో రాశారు. అది పెద్ద సంస్థల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన అంకె, మీరు భయపడక్కర్లేదు. కానీ ఆ సూత్రం షాపు చిన్నదైనా పెద్దదైనా ఒకటే.

---

ఫొటోశేషు · సోమవారం, రాత్రి 7:15

శర్మ గారూ, మంచి సమయానికి చెప్పారు. బిల్లులు ఆ ఒక టీబీ రెండోదాంట్లో ఉన్నాయి. దాన్నింకా ఫార్మాట్ కొట్టలేదు, మా అదృష్టం.

---

లినక్స్‌లలిత · సోమవారం, రాత్రి 8:40

ఎస్ఎస్‌డీ సంగతి. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మామూలు హార్డ్ డిస్కులో ఫలానా చోట రాయమంటే అక్కడే రాస్తుంది. ఎస్ఎస్‌డీ అలా కాదు. అందులోని ఫ్లాష్ కణాలు కొన్ని వేలసార్లు చెరిపి రాస్తే అరిగిపోతాయి. అందుకని లోపలుండే కంట్రోలర్ రాతను అన్ని వైపులా సమంగా పంచుతుంది. మీరు పాత ఫొటో మీద సున్నాలు రాశాననుకుంటారు. అది ఆ సున్నాలను ఇంకో కొత్త చోట రాసి, 'ఇకనుంచి ఈ చిరునామా అదే' అని లోపల మార్చుకుంటుంది. పాత ఫొటో ఉన్న కణాలు కొంతకాలం అలాగే ఉండిపోవచ్చు. పైగా విండోస్‌కి కనబడని కొంత స్థలం ప్రతి ఎస్ఎస్‌డీలో విడిగా ఉంటుంది. క్లీన్ ఆల్ అక్కడికి చేరదు.

విండోస్ 7 నుంచి 'ట్రిమ్' (ఈ ఫైళ్ళు ఇక అక్కర్లేదని ఎస్ఎస్‌డీకి చెప్పే ఆజ్ఞ) ఉంది కాబట్టి ఎస్ఎస్‌డీని ఫార్మాట్ కొడితే రికవరీ ప్రోగ్రాములకు సాధారణంగా ఏమీ దొరకదు. కానీ 'సాధారణంగా' అన్న మాట మీద ఇంకొకరి పెళ్ళి ఫొటోలు వదిలిపెట్టలేం కదా.

సరైన దారి, చెరపమని ఆ డ్రైవుకే ఆజ్ఞ ఇవ్వడం. సాటా రకానికి 'సెక్యూర్ ఎరేజ్', ఎన్‌వీఎంఈ రకానికి 'శానిటైజ్' లేదా 'ఫార్మాట్' అనే ఆజ్ఞలు డ్రైవులోనే ఉంటాయి. కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌లోనే (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగుల్లోనే) ఆ మీట ఉంటుంది. లేదంటే ఎస్ఎస్‌డీ తయారు చేసిన కంపెనీ ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాం ఉంటుంది, శాంసంగ్‌కి మెజీషియన్, క్రూషియల్‌కి స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్ లాగా. చాలా డ్రైవుల్లో సెకన్లలోనే అయిపోతుంది. అంత త్వరగా అయిందేమిటని అనుమానపడకండి.

రెండు అడ్డంకులు రావచ్చు. 'ఫ్రోజెన్' అని చూపించి ఒప్పుకోకపోతే, కంప్యూటర్‌ని ఒకసారి స్లీప్‌లోకి పంపి లేపండి, చాలాసార్లు విడుదలవుతుంది. రెండోది, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఈ పని చేయకండి, చాలా డబ్బాలు ఆ ఆజ్ఞను లోపలికి పోనివ్వవు. నేరుగా మదర్‌బోర్డుకే తగిలించండి.

ఆజ్ఞ ఇచ్చాక కూడా చూసుకోవాలి. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియేగో పరిశోధకులు ఎస్ఎస్‌డీల చిప్పులు విడదీసి చదివారు. ఒక డ్రైవైతే 'చెరిపేశాను' అని చెప్పి అసలేమీ చెరపలేదని తేల్చారు. అవి తొలినాటి డ్రైవులు, ఇప్పుడు పరిస్థితి మెరుగైంది. అయినా నేను చూడకుండా వదలను.

డిస్కులు చెరిపే డీబ్యాన్ అనే ప్రోగ్రాం వాడమని ఎవరైనా చెబితే ఎస్ఎస్‌డీకి మాత్రం వద్దు, దానికది పనికిరాదు. మామూలు డిస్కుకి అలాంటిదే కావాలంటే ష్రెడ్‌ఓఎస్ ఉంది, పెన్‌డ్రైవు నుంచే నడుస్తుంది, చెరిపాక తనే చదివి సరిచూసుకుంటుంది.

---

కృష్ణవేణి_కె · సోమవారం, రాత్రి 10:05

ఈ వేదికలో నేనెప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆరేళ్ళ క్రితం మా చెల్లి ల్యాప్‌టాప్ రిపేరుకి ఇచ్చింది. ఏ షాపో చెప్పను. డిస్కు పోయిందని కొత్తది వేశారు. పాతది తిరిగి అడగాలని మాకు తెలియదు. నాలుగు నెలల తర్వాత తన ఫొటోలు తనకే వచ్చాయి, ముక్కూమొహం తెలియని నంబరు నుంచి. తను వాటిని ఎవ్వరికీ పంపలేదు. ఇంట్లో మొదటి రోజు అందరూ తననే అనుమానించారు, నాతో సహా. ఆ ఒక్క రోజు ఇప్పటికీ నన్ను వదలట్లేదు. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు ఇచ్చాం, ఆ నంబరు ఆగింది. చెల్లి మాత్రం రెండేళ్ళు ఫొటో దిగలేదు. తన పెళ్ళిలో కూడా కెమెరా దూరంగా ఉంచమంది.

శేషు గారూ, మీరెవరో నాకు తెలియదు. ఆ డిస్కుల్లో ఉన్న ఆడపిల్లలందరి తరఫునా మీకు నమస్కారం పెడుతున్నాను.

రిపేరుకిచ్చే ప్రతివాళ్ళకీ చెప్పండి. డిస్కు మార్చారంటే పాతది తిరిగి ఇమ్మని అడిగి తెచ్చుకోవాలి. అది మన సొమ్మే.

---

ఫొటోశేషు · మంగళవారం, ఉదయం 6:20

కృష్ణవేణమ్మా, రాత్రి మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఈ పని అయ్యేదాకా ఇల్లు కదలను.

---

డాలస్‌వాసి · మంగళవారం, ఉదయం 8:00

నేను ఇక్కడ డేటా సెంటర్లో పనిచేస్తాను. మా దగ్గర డిస్కు గదిలోంచి బయటికి పోదు, యంత్రంలో ముక్కలై పోతుంది. ప్రతి డిస్కు సీరియల్ నంబరుకీ ఒక పత్రం ఉంటుంది. ఎందుకింత పట్టుదల అని చేరిన కొత్తలో అనుకునేవాణ్ణి. మోర్గాన్ స్టాన్లీ అనే అమెరికా బ్యాంకు వ్యవహారం బయటికొచ్చాక అర్థమైంది. పాత సర్వర్లు, డిస్కుల పారవేత పనిని ఆ అనుభవం లేని సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించారు. వాటిలో కొన్ని, ఖాతాదారుల వివరాలతో సహా, ఇంటర్నెట్ వేలంలోకి పోయాయి. దానిమీద 2020లో 6 కోట్ల డాలర్లు, 2022లో 3.5 కోట్ల డాలర్లు జరిమానా పడింది.

2003లో అమెరికాలోనే ఇద్దరు పరిశోధకులు, గార్ఫింకెల్, షెలాట్, 158 పాత డిస్కులు కొని చూశారు. చదవగలిగిన 129లో సరిగ్గా చెరిపినవి 12. చదువుకున్నవాళ్ళు, పెద్ద పెద్ద కంపెనీలూ చేయని పనిని శేషు గారు తెనాలిలో కూర్చుని చేస్తున్నారు.

---

ఫొటోశేషు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఒక సందేహం, కొంచెం మనసుని పట్టి ఉంచినది.

మొన్న మేనల్లుడు తిరిగి తెచ్చిన ఫొటోల్లో విజయవాడ సింగ్‌నగర్ వాళ్ళ పెళ్ళి ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో వాళ్ళిల్లు మునిగింది. ఆల్బం, సీడీలు అన్నీ పోయాయి. అప్పుడు నాకు ఫోన్ చేసి 'మీ దగ్గర ఏమైనా ఉన్నాయా అన్నా' అని అడిగారు. అంతకు ముందే చోటు చాలక ఆ ఫోల్డర్ తీసేశాను. లేవని చెప్పాల్సొచ్చింది. పెళ్ళికొడుకు నాన్నగారు అంతకు రెండేళ్ళ ముందే పోయారు, ఆయన నవ్వుతూ నిలబడ్డ ఫొటో వాళ్ళ దగ్గర ఇంకోటి లేదట.

అది ఇప్పుడు దొరికింది. చెరపడానికని మొదలుపెట్టిన పని ఇలా తిరిగింది. చెరిపేముందు వీటిని భద్రంగా ఎలా బయటికి తీయాలి?

---

రికవరీరమణ · మంగళవారం, మధ్యాహ్నం 1:41

అన్నా, ఇప్పుడే ఆపున్రి. ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకున్రి, ఒక్క ఫైలు కూడ. తీసే ఫొటోలు అదే డిస్కులకు సేవ్ చెయ్యకున్రి, ఒక ఫొటోను కాపాడబోయి ఇంకో పది ఫొటోల మీద పడ్తయి. వేరే డిస్కు తగిలించి, అందులకు తీసుకున్రి. పేర్లు పోతయి కాబట్టి వేల ఫొటోలల్ల వెతకాల్సొస్తది. ఫొటోల లోపల కెమెరా రాసిన తేదీ ఉంటది, దాన్ని పట్టి వరస పెట్టుకుంటే ఆ పెళ్ళి ఒక్కకాడికి వస్తది.

సగం సగం వచ్చిన ఫొటోలు ఉంటే నాకు పంపున్రి. ఫీజు మాట ఎత్తకున్రి.

---

కృష్ణవేణి_కె · మంగళవారం, మధ్యాహ్నం 2:15

మిగిలినవాళ్ళని కూడా అడగండి శేషు గారూ. ఫోన్ నంబర్లున్న వాళ్ళకి ఒక సందేశం పెట్టండి. 'ఫలానా తేదీకి చెరిపేస్తున్నాను, కావాలంటే ముందే తీసుకోండి' అని. చెరిపే హక్కు మీదే, కానీ వాళ్ళకొక మాట చెప్పి చెరపండి.

---

ఫొటోశేషు · మంగళవారం, రాత్రి 9:00

బిల్లు పుస్తకాలు తీసి 140 మందికి పైగా పంపాను. ఆదివారం దాకా గడువిచ్చాను.

---

బీటెక్_మూడో_ఏడు · బుధవారం, ఉదయం 7:50

అంకుల్, ఆ టక్ టక్‌మనే 500 జీబీ డిస్కు పక్కన బలమైన అయస్కాంతం పెడితే చెరిగిపోతుందంటారు, నిజమేనా?

---

రికవరీరమణ · బుధవారం, ఉదయం 8:30

స్పీకర్ల అయస్కాంతంతోని ఏం కాదు తమ్ముడూ. డిస్కు లోపలనే రెండు గట్టి అయస్కాంతాలుంటయి, వాటి పక్కనే ఏండ్లకేండ్లు డేటా భద్రంగ ఉంటది. డిస్కుల అయస్కాంతపు గుర్తులు చెరిపే డీగాసర్ అనే పెద్ద యంత్రాలు వేరే ఉంటయి. అవి కూడ ఎస్ఎస్‌డీ మీద పని చెయ్యవు.

నడవని డిస్కు అంటే డేటా పోయినట్టు కాదు, అది మాత్రం యాదికుంచుకోవాలె. 2003లో కొలంబియా అంతరిక్ష నౌక కూలింది, మన కల్పనా చావ్లా ఉన్నది. కాలి, కరిగి నేల మీద పడ్డ ఒక డిస్కు నుంచి దాదాపు మొత్తం డేటాను తర్వాత రికవరీ చేసిన్రు. అందుల ఉన్న ప్రయోగం ఫలితాలు 2008లో అచ్చయినయి. నిప్పుల పడ్డది దొరికింది, టక్ టక్‌మనేది దొరకదా?

దాన్ని విప్పాలె. పైన స్టార్ ఆకారం స్క్రూలుంటయి, టీ8 బిట్ కావాలె. లేబుల్ కింద కూడ ఒకటి దాక్కుని ఉంటది. లోపల అద్దంలెక్క మెరిసే పళ్ళేలు, వాటి మీదనే డేటా. మీది డెస్క్‌టాప్ డిస్కయితే ఎక్కువగ అల్యూమినియం, వంచొచ్చు, డ్రిల్లుతోని తూట్లు పొడవొచ్చు. ల్యాప్‌టాప్ డిస్కుల పళ్ళేలు చాలావాటిల గాజు, దెబ్బ తగిలితే పెంకులు కండ్లకు తగుల్తయి. ఏదైనా సరే కండ్లద్దాలు, గ్లౌజులు లేకుండ ముట్టుకోకున్రి. కాల్చొద్దు, ఆ పొగ మంచిది కాదు.

---

పాతసరుకు_బెజవాడ · బుధవారం, ఉదయం 9:15

ఆ ముక్కలు చెత్తబండిలో వేయకండి. 2022 ఈ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. బెజవాడ తెచ్చారంటే నేను చేర్పిస్తాను.

కెమెరాల మెమరీ కార్డులు కూడా అమ్ముతున్నారా? వాటిదీ ఇదే కథ. కెమెరాలో మామూలు ఫార్మాట్ కొడితే ఫొటోలు పోవు. స్టూడియోలో సీసీ కెమెరా డబ్బా ఉంటే దాంట్లోనూ ఒక డిస్కుంటుంది, పెద్ద జెరాక్స్ మిషన్లలో కూడా. అందరూ మరచిపోయేది వీటినే.

---

ఫొటోశేషు · బుధవారం, ఉదయం 9:40

సీసీ కెమెరా డబ్బా ఉంది. నాకసలు గుర్తే లేదు. కార్డులు పదకొండు. అవి అమ్మను, విరిచేస్తాను.

---

ఫొటోశేషు · సోమవారం, రాత్రి 8:30

అందరికీ నమస్కారం. వారం నుంచి జరిగింది రాస్తున్నాను.

140 మందిలో 31 మంది జవాబిచ్చారు. 19 మంది వచ్చి పెన్‌డ్రైవుల్లో ఎక్కించుకుని వెళ్ళారు. ఒకమ్మాయి ఫోన్ చేసి 'నావి ఏవీ వద్దు, దయచేసి తీసేయండి' అంది. ఎందుకని అడగలేదు. తన ఫోల్డర్ ఉన్న డిస్కే మొదట చెరిపాను.

మామూలు డిస్కులన్నిటికీ లలిత గారు చెప్పిన ష్రెడ్‌ఓఎస్‌తో ఒక్క దఫా సున్నాలు. రమణ గారు చెప్పినట్టు ఒక్కోసారి ఒక్క డిస్కే తగిలించాం, మిగతావి మేడమీద గదిలో పెట్టి తాళం వేశాను. ఒక టీబీ మొదటిదానికి రాయడానికి 2 గంటల 40 నిమిషాలు, సరిచూడ్డానికి దాదాపు మళ్ళీ అంత పట్టింది. రెండోదీ అంతే. 2 టీబీ ఎక్స్‌టర్నల్‌కి రాతే ఆరు గంటలు దాటింది. శర్మ గారి మాట ప్రకారం బిల్లులు రెండు పెన్‌డ్రైవుల్లో ఉన్నాయి, ఒకటి మా ఆడిటర్ దగ్గర. సీసీ కెమెరా డబ్బాలో డిస్కు కూడా తీసి చెరిపేశాం.

ఎస్ఎస్‌డీ మొదట ఫ్రోజెన్ అనే చూపించింది. స్లీప్‌లో పెట్టి లేపితే ఒప్పుకుంది, ఇరవై సెకన్లలో అయింది. తర్వాత మేనల్లుడు అదే రికవరీ ప్రోగ్రాం అన్నిటి మీదా మళ్ళీ పెట్టాడు. ఒక్క ఫొటో కూడా రాలేదు. డిస్కు లోపల అంకెలు చూపించే ప్రోగ్రాంలో మొదట్లో, మధ్యలో, చివర్లో తెరిచి చూశాం. అన్నీ సున్నాలే. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

500 జీబీ డిస్కుని వెల్డింగ్ షాపులో మా స్నేహితుడి దగ్గర విప్పించాను. రెండు పళ్ళేలున్నాయి. ఒక్కోదానికి ఎనిమిదేసి తూట్లు పొడిచి, మడత పెట్టించాను. కార్డుల ముక్కలు కూడా ఆ సంచిలోనే ఉన్నాయి. గురువారం బెజవాడ తెస్తున్నాను.

సింగ్‌నగర్ వాళ్ళ పెళ్ళివి 612 ఫొటోలు పూర్తిగా వచ్చాయి. ఆ పెద్దాయన నవ్వుతున్న ఫొటో కింది సగం చెడింది, రమణ గారికి పంపాను. ఆయన రాత్రికి రాత్రే మొహం వరకు బాగుచేసి పంపారు. ఇంకా వాళ్ళకి చూపించలేదు, ఫోన్లో మాత్రం చెప్పాను. ఎల్లుండి వస్తున్నారు. ఒక ప్రింటు వేసి ఫ్రేము కట్టించాను, మా షాపులో వేసిన ఆఖరి ప్రింటు అదే.